ఎనిమిది రోజుల వారం

వారానికి ఏడు రోజులని మనందరికీ తెలుసు. సోమవారం పొద్దున్నే స్టేటస్ మీటింగుతో మొదలై, శుక్రవారం సాయంత్రం "ప్రొడక్షన్‌లో చిన్న ప్రాబ్లం వచ్చింది" అనే ఫోన్‌తో ముగిసే వారాలు గడిపే మా ఐటీ వాళ్ళకి ఇంకాస్త బాగా తెలుసు. అయితే వారానికి ఎనిమిది రోజులున్న ఊరొకటి ఈ భూమ్మీద ఉంది. దాని పేరు బత్తీర్. పాలస్తీనాలో, బెత్లెహేముకు పడమరగా ఐదారు కిలోమీటర్ల దూరంలో, జెరూసలేముకు నైరుతి దిక్కున ఓ కొండవాలు మీద ఉంటుంది. 2007 జనాభా లెక్కల్లో నాలుగు వేలకు కాస్త తక్కువ మంది. మన వైపు అయితే బస్సు ఆగుతుందో లేదో కండక్టర్ని అడిగి ఎక్కాల్సిన ఊరు.

పాలస్తీనా అనగానే మనకి గుర్తొచ్చేవి టీవీలో చూసే పొగ, శిథిలాలు, అంబులెన్సులు. అవేవీ అబద్ధాలు కావు. కానీ ఏ ఊరికైనా వార్తల్లోకి ఎక్కక ముందు ఒక నీళ్ళ కథ, ఒక పొలాల కథ, ఒక పాలివాళ్ళ కథ ఉంటాయి కదా. బత్తీరు విషయంలో ఆ నీళ్ళ కథే ఊరిని నిలబెట్టింది. అది మీతో పంచుకుందామనే ఈ ప్రయత్నం.

రైలు కిటికీలోంచి

2019 మార్చిలో ప్రాజెక్టు పని మీద ఆరు వారాలు టెల్ అవీవ్‌లో ఉన్నాను. న్యూజెర్సీలో ఉండే మాకు శని, ఆదివారాలు సెలవైతే, అక్కడ శుక్ర, శనివారాలు. ఓ శుక్రవారం పొద్దున జెరూసలేం చూద్దామని బయలుదేరాను. బస్సులో వెళ్తే గంట. పాత రైల్లో వెళ్తే గంటన్నర పైనే. కానీ రైలు కొండల మధ్య నుంచి వెళ్తుందని ఆఫీసులో ఎవరో చెబితే రైలెక్కాను.

బేత్ షెమెష్ దాటాక రైలు బాగా నెమ్మదించింది. వాగు పక్కనే వంపులు తిరుగుతూ పోతోంది. ఎడమ వైపు కొండ మీద పైన్ చెట్లు. కుడి వైపు చూద్దును కదా, కొండ మొత్తం మెట్లు మెట్లుగా చెక్కినట్టు రాతిగోడలు, వాటి మధ్య సన్నటి పచ్చటి మళ్ళు, పైన తెల్లరాతి ఇళ్ళు. పట్టాలకు అటూ ఇటూ కూడా పొలాలున్నాయి. ఒక పెద్దాయన భుజాన పార వేసుకుని, రైలు వెళ్ళిపోతే పట్టాలు దాటుదామని నిలబడి ఉన్నాడు. ఇంటి దగ్గర మడవ తిప్పడానికి వెళ్ళే మా పెద్దనాన్న నిలబడ్డట్టే ఉంది. రైలు అక్కడ ఆగలేదు. పక్క సీటాయన్ని అడిగితే "బత్తీర్, అరబ్బుల ఊరు" అన్నాడు. ఆ రాత్రి హోటల్లో కూర్చుని ఆ ఊరి గురించి దొరికిందల్లా చదివాను. మర్నాడు శనివారం. యూదుల విశ్రాంతి దినం కాబట్టి రైళ్ళుండవు. పాత జెరూసలేంలో దమాస్కస్ గేటు దగ్గర అరబ్బు బస్సెక్కి బెత్లెహేముకు, అక్కణ్ణుంచి టాక్సీలో బత్తీరుకు వెళ్ళాను.

రాయి, వాన, బుగ్గ

నేను పుట్టింది అనంతపురం జిల్లాలో ధర్మవరం దగ్గర ఒక పల్లె. అందుకని ఎక్కడికెళ్ళినా ముందు వాన లెక్క అడిగే అలవాటు. జెరూసలేం ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మా అనంతపురం జిల్లా సగటూ దాదాపు అంతే! కాకపోతే మాకు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తలా కొంచెం విదిలించి పోతాయి. వాళ్ళకి వానంతా చలికాలంలోనే, నవంబరు నుంచి మార్చి దాకా. మే నుంచి సెప్టెంబరు దాకా చుక్క రాలదు. ఆ ఎండాకాలంలో కూరగాయలు పండించాలంటే ఏదో ఒక ఆధారం ఉండాలి.

బత్తీరుకు ఆ ఆధారం కొండే. అక్కడి కొండలు సున్నపురాతివి. పడిన వాన పగుళ్ళలోంచి లోపలికి ఇంకుతుంది. కింద బంకమన్ను లాంటి పొర అడ్డుపడ్డ చోట ఇంక దిగలేక కొండ పక్కనుంచి బుగ్గగా బయటికొస్తుంది. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి చూసిన వాళ్ళకి బుగ్గంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. బత్తీరు చుట్టుపక్కల ఇలాంటి బుగ్గలు ఏడున్నాయని చెబుతారు. వాటిలో ముఖ్యమైంది ఐన్ అల్ బలద్. అంటే "ఊరి బుగ్గ" అని అర్థం. ఆ నీళ్ళు ఒక రాతి కాలువలోంచి రోమన్ల కాలం నాటి తొట్టిలోకి, అక్కణ్ణుంచి చిన్న చిన్న కాలువల్లో మెట్ల పొలాల్లోకి దిగుతాయి. మోటారు లేదు, పైపు లేదు. ఎత్తు నుంచి పల్లానికి నీళ్ళు వాటంతటవే నడుస్తాయి.

ఇక ఆ మెట్లు. సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలవి. గోడ వెనక మట్టి నింపితే ఒక మడి. వాన ఉధృతికి మట్టి కొట్టుకుపోకుండా గోడ ఆపుతుంది, ఎక్కువైన నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి కిందికి జారిపోతాయి. సిమెంటు పూసి ఉంటే ఒక్క పెద్ద వానకి మొత్తం కూలిపోయేది. ప్రతి వానాకాలం తర్వాత జారిన రాళ్ళు మళ్ళీ పేర్చాలి. ఒక్క తరం వదిలేస్తే చాలు, వందల ఏళ్ళ పని వాగులో కలుస్తుంది. బుగ్గ నీళ్ళు అందే మళ్ళలో కూరగాయలు, అందని చోట ఆలివ్ చెట్లు, ద్రాక్ష. మధ్య మధ్య పంట కాపలాకి రాతితో కట్టిన చిన్న బురుజులున్నాయి. మన మంచెలే అనుకోండి, కట్టెకి బదులు రాయి.

బత్తీరు వంకాయకి ఆ ప్రాంతంలో పెద్ద పేరు. చిన్న వంకాయల్లో అక్రోటు, వెల్లుల్లి, మిరప కూరి ఆలివ్ నూనెలో ఊరబెట్టే మక్దూస్ తిన్నాను. గుత్తివంకాయకీ ఊరగాయకీ పుట్టిన బిడ్డలా ఉంది. అన్నం కూడా ఉంటేనా!

వంతుల లెక్క

ఇప్పుడు ఆ ఎనిమిది రోజుల సంగతికి వద్దాం. ఊళ్ళో ఎనిమిది పెద్ద వంశాలున్నాయి. ఒక్కో వంశానికి ఒక్కో రోజు నీళ్ళు. ఎనిమిదో రోజుతో ఒక చుట్టు పూర్తవుతుంది. అందుకే "మా ఊళ్ళో వారానికి ఎనిమిది రోజులు" అంటారు. తొట్టిలో నిండిన నీళ్ళని గాట్లున్న కర్రతో కొలిచి, ఆ రోజు వంతుదారులు తమలో తాము మళ్ళీ పంచుకుంటారు.

నాకు ఊరు చూపించిన కుర్రాడు ఇంగ్లీషు చక్కగా మాట్లాడతాడు. ఈ పద్ధతి వినగానే నాకు ఎమ్మెస్‌లో చదివిన ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసు గుర్తొచ్చింది. ఒక ప్రాసెసర్, దాని కోసం ఎనిమిది ప్రోగ్రాములు పోటీ. ఎవరికీ అన్యాయం జరక్కుండా తలా కాసేపు ఇచ్చి, వరసగా తిప్పడాన్ని రౌండ్ రాబిన్ అంటారు. అది మేం పరీక్ష కోసం నేర్చుకున్నాం. వీళ్ళు వంకాయ మొక్కల కోసం ఎప్పుడో నేర్చుకున్నారు.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. వంతులు ఎనిమిది, వారానికి రోజులు ఏడు. ఈ చుట్టులో మీ వంతు ఆదివారం వస్తే వచ్చే చుట్టులో సోమవారం వస్తుంది, ఆ తర్వాత మంగళవారం. 56 రోజులు తిరిగేసరికి ప్రతి వంశానికీ వారంలోని ఏడు రోజులూ ఒక్కోసారి వచ్చేస్తాయి. అదే వంశాలు ఏడే ఉండి ఉంటే, ఒకరికి ఎప్పుడూ శుక్రవారమే వచ్చేది. నమాజుకి వెళ్ళాలా, మడవ తిప్పాలా? మరొకరికి ఎప్పుడూ సంత రోజే. ఎనిమిది కావడం వల్ల మంచి రోజూ అందరిదే, చెడ్డ రోజూ అందరిదే. ఇది కావాలని చేసిన లెక్కో, కలిసొచ్చిన లెక్కో గానీ, ఇంతకంటే నిక్కచ్చిగా నేనైతే ప్రోగ్రాం రాయలేను.

బుగ్గ దగ్గర రాతి అరుగు మీద ఆ కుర్రాడి తాతగారు కూర్చుని ఉన్నారు. "హింద్?" అని అడిగి, అవునంటే టీ తెప్పించారు. సేజ్ ఆకు వేసిన తియ్యటి నల్లటి టీ. మనవడు దుబాసీగా మధ్యలో కూర్చున్నాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న నా జీతం గురించి కాదు, మతం గురించి కాదు. "మీ ఊళ్ళో నీళ్ళు ఎలా పంచుకుంటారు?" అన్నారు.

మా బావి

నేను చెప్పాను. మా జిల్లాలో ప్రతి ఊరికీ ఒక చెరువు ఉండేదని, విజయనగర రాజుల కాలం నుంచీ ఉన్న చెరువులు ఇప్పటికీ ఉన్నాయని, తూము తెరిచి ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూడ్డానికి నీరుగంటి ఉండేవాడని, పంటయ్యాక కళ్ళం దగ్గర అతనికి మేర కొలిచేవారని. మా పక్క కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు గట్టు మీద 1369 నాటి శాసనం ఉంది. చెరువు కట్టాలంటే ఎలాంటి చోటు చూడాలి, ఏమేం ఉండాలి, ఏ దోషాలు ఉండకూడదు అని ఇంజనీరింగ్ పుస్తకంలా రాతి మీద చెక్కించారు. బత్తీరు బుగ్గ దగ్గర కూడా ఒక రాతి మీద లాటిన్ అక్షరాలున్నాయి. నీళ్ళున్న చోట రాయి మీద రాసుకోవాలనిపించడం మనుషులందరికీ ఉన్న గుణమేమో.

మా సొంత బావి గురించీ చెప్పాను. మా తాతగారు నలుగురు అన్నదమ్ములు. ఆస్తి పంచుకున్నప్పుడు పొలాన్ని నాలుగు ముక్కలు చేశారు గానీ బావిని ముక్కలు చెయ్యలేరు కదా. అందుకని రోజుకొకరికి కపిల వంతు పెట్టుకున్నారు. ఒకరోజు పెద్దవాళ్ళది, మర్నాడు రెండోవాళ్ళది, అలా. మాటలు లేని రోజుల్లో కూడా వంతు తప్పలేదని మా నాన్న చెప్పేవారు. పెళ్ళిళ్ళకి పిలుచుకోని అన్నదమ్ములు, పొద్దుగూకేసరికి తమ ఎద్దులు విప్పుకుని బావి గట్టు వదిలేసేవారట, తెల్లారితే అవతలివాళ్ళ వంతని.

"ఇప్పుడు?" అన్నారు తాతగారు.

ఇప్పుడు ఎవరి బోరు వాళ్ళది. తొంభైల్లో ఒకరు రెండు వందల అడుగులు వేస్తే ఇంకొకరు మూడు వందలు వేశారు. ఆ తర్వాత ఆరు వందలు దాటింది. బావి ఎప్పుడో ఎండిపోయింది. మనవడు అరబ్బీలో చెప్పడం పూర్తయ్యాక ఆయన కాసేపు ఊరుకుని, "అంటే ఇప్పుడు వంతు అడిగే హక్కు ఎవరికీ లేదన్నమాట" అన్నారు.

ఆ మాట నాతోపాటు న్యూజెర్సీకి వచ్చింది. మా నాన్నగారి భాగపత్రంలో "బావిలో నాలుగో వంతు" అని స్పష్టంగా రాసి ఉంది. బావిలో నీళ్ళు లేవు గానీ వంతు ఉంది. ఆ పొలం అమ్మేద్దామా అని మా పాలివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఏళ్ళుగా మాట నడుస్తోంది. కొనేవాళ్ళకి కావలసింది రోడ్డు పక్క నేల, బావి వాళ్ళకి అడ్డం. నా మటుకు నేను బావి చుట్టూ ఉన్న ఇరవై సెంట్లూ అమ్మకంలో కలపనని రాశాను. ఇద్దరు సరే అన్నారు. ఒకరు ఇంకా ఆలోచిస్తున్నారు. ఎందుకు అని అడిగిన వాళ్ళకి చెప్పడానికే, నిజం చెప్పాలంటే, బత్తీరు గురించి ఇంత చదివాను.

ఒకే కొండ, రెండు జ్ఞాపకాలు

ఊరి పక్కనే ఓ గుట్ట ఉంది. అరబ్బులు దాన్ని ఖిర్బెత్ అల్ యహూద్ అంటారు. "యూదుల పాడుదిబ్బ" అని అర్థం. క్రీ.శ. 132లో రోమన్ల మీద తిరగబడ్డ యూదు నాయకుడు బార్ కోఖ్బా చివరి కోట బేతార్ ఇదేనని పండితులు గుర్తించారు. 135లో కోట కూలింది. బుగ్గ దగ్గర లాటిన్ అక్షరాలని చెప్పాను చూడండి, అందులో ఉన్నవి ఐదో మాసిడోనికా, పదకొండో క్లాడియా అనే రోమన్ దళాల పేర్లు. బేతార్ పతనాన్ని యూదులు తమ సంతాప దినమైన తిషా బె ఆవ్ నాడు ఈనాటికీ తలుచుకుంటారు.

నాకు ఆసక్తిగా అనిపించింది ఆ పేరు. తాము కట్టని కోటని, తమ మతం కాని వాళ్ళ కోటని, అరబ్బు రైతులు "యూదులది" అనే పిలుస్తూ వచ్చారు. తుడిచెయ్యలేదు. బేతార్, బత్తీర్ అనే పేర్లలోనే ఆ చుట్టరికం వినిపిస్తుంది. దగ్గర్లోనే 1980లలో మొదలైన ఇజ్రాయేలీ సెటిల్మెంటు బేతార్ ఇల్లిత్ కూడా ఆ పేరే పెట్టుకుంది. అది ఇవాళ 60 వేల మంది దాటిన పట్టణం. ఒకే పేరు కొండకి ఈ పక్క ఒక చరిత్ర, ఆ పక్క ఒక చరిత్ర చెబుతుంది.

రైలు తెచ్చిన సరిహద్దు

1892 సెప్టెంబరులో జాఫా రేవు నుంచి జెరూసలేముకు మీటర్ గేజ్ రైలు మొదలైంది. అప్పటికి అది తుర్కుల ఒట్టొమాన్ సామ్రాజ్యం. జెరూసలేముకు ముందు చివరి స్టేషను బత్తీరు. దాంతో ఊరి దశ తిరిగింది. పొద్దున కోసిన కూరగాయలు కాసేపట్లో జెరూసలేం బజారులో ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 డిసెంబరులో, జెరూసలేం బ్రిటిష్ వారి చేతికొచ్చింది. ఆ పాలస్తీనా యుద్ధరంగంలో మైసూరు, జోధ్‌పూర్ గుర్రపు దళాలతో పాటు మన హైదరాబాద్ లాన్సర్లు కూడా ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి విగ్రహాలు మూడూ ఈ మూడు సంస్థానాలవే.

అన్నం పెట్టిన ఆ రైలే 1948లో ఊరికి గండమై కూర్చుంది. ఇజ్రాయేలు ఏర్పడి యుద్ధం వచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళు ఒకటొకటిగా ఖాళీ అయిపోయాయి. అదే లోయలో పక్కనున్న అల్ వలజా 1948 అక్టోబరులో ఖాళీ అయింది. ఆ ఊరివాళ్ళు తర్వాత లోయకి ఇవతల, మిగిలిన తమ పొలాల్లో మళ్ళీ ఇళ్ళు కట్టుకోవాల్సి వచ్చింది. బత్తీరు నుంచి కూడా చాలామంది వెళ్ళిపోయారు. వెళ్ళకుండా మిగిలిన గుప్పెడు మందిలో హసన్ ముస్తఫా అనే చదువుకున్న యువకుడు ఉన్నాడు. ఊరు నిండుగా ఉన్నట్టు కనిపించాలని, ఆ కొద్దిమందీ ఖాళీ ఇళ్ళ కిటికీల్లో రాత్రిళ్ళు దీపాలు పెట్టేవారట, పగలు దండేల మీద బట్టలు ఆరేసేవారట. ఈ కథ ఆ ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. రామాయణం కథలా చెబుతారు.

1949 ఏప్రిల్‌లో జోర్డానుకీ ఇజ్రాయేలుకీ మధ్య రోడ్స్ దీవిలో యుద్ధ విరమణ ఒప్పందం జరిగింది. పటం మీద ఆకుపచ్చ సిరాతో గీసిన ఆ గీతనే గ్రీన్ లైన్ అంటున్నాం. రైలుమార్గం మొత్తం తమకే కావాలని ఇజ్రాయేలు పట్టుబట్టింది. దాంతో గీత బత్తీరు పొలాల మీదుగా వచ్చి పడింది. ఊరు జోర్డాను వైపు, పట్టాలూ వాటికి అవతలి పొలాలూ ఇజ్రాయేలు వైపు. అప్పుడు కుదిరిన ఏర్పాటు విచిత్రమైంది: రైలుకి ఏ హానీ జరగనంత కాలం, గీతకి అవతలున్న తమ పొలాల్ని బత్తీరు రైతులు దున్నుకోవచ్చు. కంచె లేదు, గోడ లేదు. ఊరు మాట ఇచ్చింది. 1967 యుద్ధంలో వెస్ట్ బ్యాంక్ అంతా ఇజ్రాయేలు ఆక్రమణలోకి వెళ్ళింది. అయినా రైతులు పట్టాలు దాటి పొలానికి పోతూనే ఉన్నారు. నేను రైలు కిటికీలోంచి చూసిన పెద్దాయన ఆ మాట మీదే నిలబడి ఉన్నాడని నాకు తర్వాత గానీ అర్థం కాలేదు.

ఆలోచించండి. ఎనిమిదో రోజు దాకా ఆగి తన వంతు తీసుకునే అలవాటున్న ఊరు కాబట్టే అలాంటి మాట ఇవ్వగలిగింది, నిలబెట్టుకోగలిగింది అని నాకనిపిస్తుంది. ఊళ్ళో ఒక్క కుర్రాడు ఒక్క రాయి పట్టాల మీద పెడితే మొత్తం పొలాలు పోతాయి. ఆ ఒక్కణ్ణి ఆపేది పోలీసు కాదు, పక్కింటి వాడు.

గోడ మీద గెలుపు

2002 నుంచి ఇజ్రాయేలు తన భద్రత కోసమంటూ వెస్ట్ బ్యాంకు పొడుగునా గోడ, కంచె కట్టడం మొదలుపెట్టింది. ఆ గోడ బత్తీరు లోయలోంచి కూడా వెళ్ళాలి. అంటే రైతుకీ పొలానికీ మధ్య గోడ. నీళ్ళ కాలువలు, రాతి మెట్లు తెగిపోతాయి. ఊరివాళ్ళు ఇజ్రాయేలు హైకోర్టుకే వెళ్ళారు. వాళ్ళకి తోడుగా పర్యావరణ సంస్థ ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ మిడిల్ ఈస్ట్ నిలబడింది. అందులో యూదులు, పాలస్తీనీయులు, జోర్డాను వాళ్ళు కలిసి పనిచేస్తారు. 2012లో ఇజ్రాయేలు ప్రభుత్వ సంస్థే అయిన నేచర్ అండ్ పార్క్స్ అథారిటీ కూడా, ఇక్కడ గోడ కడితే ఈ ప్రాచీన వ్యవసాయం దెబ్బతింటుందని కోర్టుకు చెప్పింది. దగ్గర్లోని సెటిల్మెంటు వాసుల్లో కొందరు సైతం గోడ వద్దన్నారు. 2014 జూన్‌లో దోహాలో జరిగిన సమావేశంలో యునెస్కో బత్తీరు మెట్ల పొలాల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆలివ్‌లు, ద్రాక్షల నేల అనే పేరుతో సుమారు 349 హెక్టార్లు. అదే రోజు ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలోనూ చేర్చింది. 2015 జనవరిలో హైకోర్టు అక్కడ గోడ పనిని నిలిపేసింది.

వంకాయ మళ్ళు కాంక్రీటు గోడని ఆపిన సందర్భాలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి చెప్పండి!

కథ ఇక్కడితో ఆగితే ఎంత బాగుండేది. రైలు ముందు ఆగింది. జెరూసలేముకు కొత్త హైస్పీడు మార్గం వచ్చింది, బేత్ షెమెష్ నుంచి కొండల్లోకెళ్ళే పాత లైను మీద ప్రయాణికుల బళ్ళు 2020లో నిలిచిపోయాయి. 1949లో ఊరికి హామీగా నిలిచిన రైలు కాస్తా పోయింది. 2023 అక్టోబరు 7 దాడి, ఆ తర్వాత గాజా యుద్ధంతో వెస్ట్ బ్యాంకులో రాకపోకలు బాగా తగ్గిపోయాయి. ఆ ఏడాది చివర్లో బత్తీరు పొలాల దగ్గర కొండ మీద ఒక ఇజ్రాయేలీ అవుట్‌పోస్టు వెలిసింది. 2024 జూన్‌లో ఇజ్రాయేలు మంత్రివర్గం వెస్ట్ బ్యాంకులో ఐదు అవుట్‌పోస్టులకు ఆమోదం తెలిపింది. ఆగస్టులో నహల్ హెలెత్జ్ అనే కొత్త సెటిల్మెంటుకు సుమారు 600 దునాములు, అంటే మన లెక్కలో 148 ఎకరాలు, కేటాయించినట్టు ఆర్థికమంత్రి ప్రకటించారు. ఆ స్థలం బత్తీరు వారసత్వ ప్రాంతంలోకి చొచ్చుకొస్తుందని ఇజ్రాయేలుకే చెందిన పీస్ నౌ సంస్థ హెచ్చరించింది.

మనకేం సంబంధం అంటారా? రాజకీయాల్లో మీరు ఏ వైపైనా ఉండండి, దాని మీద వాదించుకోవడానికి ఇది చోటు కాదు. నా మనసులో ఉన్నది చిన్న మాట. బత్తీరు వాళ్ళకి తెలిసిన విద్య ఒకటే, వరస తప్పకుండా వంతు తీసుకోవడం. ఆ విద్యతో ఎనిమిది వంశాలు ఒక బుగ్గ మీద బతికాయి. శత్రువుతో కూడా మాట మీద డెబ్భై ఏళ్ళు నెట్టుకొచ్చాయి. కానీ వంతు అనేది ఇద్దరూ ఒప్పుకుంటేనే పనిచేస్తుంది. వరసలో నిలబడనని ఒకడు అంటే, నిలబడ్డవాడి చేతిలో ఉండేది గాట్లున్న కర్ర ఒక్కటే. మా ఊరి బావి ఎండిందీ అందుకే. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు, వంతు అక్కర్లేదనుకున్నారు, అంతే.

మన ఆంధ్ర, తెలంగాణల నుంచి ఏటా ఎంతోమంది క్రైస్తవులు పరిశుద్ధ భూమి యాత్రకు వెళ్తారు. అమెరికా నుంచి వెళ్ళే మనవాళ్ళూ తక్కువేం కాదు. పరిస్థితులు కుదుటపడ్డాక మీరు బెత్లెహేము వెళ్తే, క్రీస్తు పుట్టిన చోటు దర్శించుకున్నాక ఒక్క పూట అట్టేపెట్టుకోండి. టాక్సీలో పావుగంట. నడవడానికి మంచి బూట్లు వేసుకోండి, మెట్లు నున్నగా అరిగిపోయి ఉంటాయి. ఎండాకాలమైతే వంకాయలు కొనండి, చలికాలమైతే ఆలివ్ నూనె. బుగ్గ దగ్గర ఎవరైనా పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే సలాం చెప్పి, ఈ రోజు నీళ్ళ వంతు ఎవరిదని అడగండి. వేళ్ళు మడిచి లెక్కపెట్టి చెబుతారు. ఆ తర్వాత మీ ఊరి సంగతి అడుగుతారు. ఏం చెప్పాలో ముందే ఆలోచించుకుని వెళ్ళండి.